గోన గన్నారెడ్డి తెలుసు, మరి బాపిరాజు?

2015లో రుద్రమదేవి సినిమా చూస్తున్నప్పుడు అల్లు అర్జున్ గోన గన్నారెడ్డిగా తెర మీదికి రాగానే హాలంతా ఈలలు. పక్క సీట్లో మా బాబాయి కొడుకు, అప్పటికి ఇంజినీరింగ్ రెండో సంవత్సరం, నా చెవి దగ్గరికి వంగి "అన్నా, ఈయన నిజంగా ఉండేవాడా, హీరో కోసం కల్పించారా?" అన్నాడు. ఉండేవాడురా అన్నాను. "అయితే నిజంగానే గజదొంగా?" అన్నాడు. అక్కడ నా నోరు మూతపడింది. అవునంటే అబద్ధం, కాదంటే సగం నిజం. ఇంటర్వెల్లో పాప్‌కార్న్ లైన్లో నిలబడి చెప్పబోయాను గానీ రెండు వాక్యాలు కాకముందే బెల్లు మోగింది.

మనిషి శాసనాల్లో ఉన్నాడు, దొంగతనం నవలలో ఉంది. ఆ నవల పేరు కూడా గోన గన్నారెడ్డే, రాసింది అడివి బాపిరాజు, సినిమాకి దాదాపు డెబ్బై ఏళ్ల ముందు. మన మనసుల్లో గన్నారెడ్డికి గుర్రం, ముసుగు, చిలిపితనం ఇచ్చి నిలబెట్టింది ఆయనే. హీరో పేరు రెండు రాష్ట్రాల్లో చిన్నపిల్లలకి కూడా తెలుసు, రచయిత పేరు అడిగితే మాత్రం చాలామంది "ఆయన బొమ్మలు వేసేవారు కదా" దగ్గర ఆగిపోతారు, ఇంకొంతమంది బాపు అనుకుంటారు.

బొమ్మలు వేసేవారు, నిజమే. ఇంకా చాలా చేసేవారు. 1895లో భీమవరం ప్రాంతంలో పుట్టి, రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీలో కూల్డ్రే అనే ఇంగ్లీషు దొర శిష్యరికంలో, దామెర్ల రామారావు స్నేహంలో బొమ్మల పిచ్చి పట్టించుకుని, ఆ తర్వాత బందరు జాతీయ కళాశాలలో ప్రమోద కుమార చటోపాధ్యాయ దగ్గర కుంచె పట్టి, సహాయ నిరాకరణలో జైలుకెళ్లి, లా చదివి కొన్నాళ్లు నల్లకోటు వేసుకుని, అది పడక మళ్లీ అదే బందరు కళాశాలకి ప్రిన్సిపాల్‌గా వెళ్లి, సినిమాలకి కళాదర్శకత్వం చేసి, నలభైలలో హైదరాబాదొచ్చి మీజాన్ తెలుగు దినపత్రికకి సంపాదకుడై, మధ్యలో ఉప్పొంగిపోయింది గోదావరి అని పాట రాసి తనే పాడుకుంటూ తిరిగిన మనిషి. సాహిత్య లోకంలో అందరికీ "బాపిబావ". ఆయన సాంఘిక నవల నారాయణరావు, విశ్వనాథ సత్యనారాయణ వేయిపడగలు 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు బహుమతిని చెరిసగం పంచుకున్నాయి. వేయిపడగలు గురించి ఇప్పటికీ కొట్టుకుంటున్నాం, నారాయణరావు గురించి కొట్టుకోవడానికి కూడా ఎవరూ దొరకరు.

నేను మాట్లాడదలచుకుంది ఆయన చారిత్రక నవలల గురించి. నాలుగున్నాయి. కథాకాలం వరసలో పెడితే హిమబిందు శాతవాహనులది, అడవి శాంతిశ్రీ ఇక్ష్వాకులది, అంశుమతి వేంగి చాళుక్యులది, గోన గన్నారెడ్డి కాకతీయులది. పదమూడు వందల ఏళ్ల తెలుగు నేల. వీటి గురించి ఎవరు మాట్లాడినా ముందొచ్చే ప్రశ్న మా వాడు అడిగిందే, ఇందులో చరిత్ర ఎంత, కల్పన ఎంత. ఈ చిక్కుముడి విప్పకుండా చదివితే రెండు రకాల నష్టాలు. ఒకరకం పాఠకులు అంతా నిజమని నమ్మి వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేస్తారు, ఇంకో రకం "అంతా పుక్కిటి పురాణం" అని పక్కన పెట్టేస్తారు. అసలు మజా ఈ రెండింటి మధ్యలో ఉంది.

ముందు గన్నారెడ్డినే తీసుకుందాం.

రాయచూరు కోట పడమటి గోడలో ఒక రాయి ఉంది. నలభై ఒక్క అడుగుల పైచిలుకు పొడవు, ఒకటే రాయి. ఫొటోలో పూర్తిగా పట్టదు, నేను వెనక్కి వెనక్కి నడిచి చివరికి వదిలేశాను. దాని మీద తెలుగులో శాసనం, 1294 నాటిది. గోన గన్నారెడ్డి అనుచరుడు విఠలుడు ఆదవాని, తుంబళం, మానువ, హాలువ కోటల్ని గెలిచి, రాయచూరు పట్టి, అక్కడ గట్టి కోట కట్టించాడని దాని సారాంశం. అంతకన్నా నాకు నచ్చింది పక్కనే చెక్కిన బొమ్మ. ఇంత రాయిని అక్కడికి ఎలా తెచ్చారో చెక్కారు, బండి మీద రాయి, ముందు బారులు తీరిన దున్నపోతుల జతలు, చక్రాలకి సన్నెలు వేసి నెడుతున్న మనుషులు. ఏడు వందల ఏళ్ల కిందటి మేకింగ్ వీడియో అనుకోండి.

ఇప్పుడు లెక్క చూడండి. శాసనంలోని గన్నారెడ్డి ప్రతాపరుద్రుడి కాలంలో వర్ధమానపురం ఏలిన సామంతుడు. వర్ధమానపురం అంటే ఇప్పటి నాగర్‌కర్నూల్ జిల్లా నందివడ్డెమాను. రంగనాథ రామాయణం చెప్పిన గోన బుద్ధారెడ్డి వాళ్ల వంశమే. 1294 నాటికి రుద్రమదేవి లేదు, ఆమె మనవడి రాజ్యం నడుస్తోంది. నవలలో గన్నారెడ్డి ముప్పై ఏళ్లు వెనక్కి, రుద్రమ పట్టానికొచ్చే రోజుల్లోకి జరిగాడు, కుర్రాడయ్యాడు, పినతండ్రి లకుమయారెడ్డి చేతిలో రాజ్యం పోగొట్టుకున్న వాడయ్యాడు, అడవుల్లో చేరి గజదొంగ అనిపించుకుంటూ లోపల్లోపల కాకతి సింహాసనానికి కాపలా కాసేవాడయ్యాడు. ఇదంతా బాపిరాజు.

నవల ఒక పెళ్లితో మొదలవుతుంది. ఆదవోని ప్రభువు కూతురు అన్నాంబికకీ లకుమయారెడ్డి కొడుకు వరదారెడ్డికీ పెళ్లి, ఊరంతా సందడి, సరిగ్గా ముహూర్తం దగ్గర గన్నారెడ్డి మనుషులు వచ్చి ఎత్తుకుపోతారు. ఎవర్ని? పెళ్లికూతుర్ని కాదు, పెళ్లికొడుకుని! అప్పటికి మన కథల్లో, మన సినిమాల్లో కూడా, ఎత్తుకుపోబడేది ఎప్పుడూ అమ్మాయే. బాపిరాజు ఆ ఒక్క మెలికతో మొదటి పేజీల్లోనే పాఠకుణ్ణి కట్టి పడేశారు, పైగా అమ్మాయికి నచ్చని పెళ్లి తప్పింది, దొంగ మీద ఆమెకి కోపం రావాలా కృతజ్ఞత రావాలా తెలీదు, అక్కణ్ణించి ఆమె ఇల్లు వదిలి ఓరుగల్లు దారి పట్టడం దాకా కథ ఊపిరి తీసుకోనివ్వదు.

ఇక్కడ నాదొక అనుమానం ఉంది, రుజువు లేదు, నా ఊహగానే తీసుకోండి. రాయచూరు శాసనంలో గెలిచిన కోటల్లో మొదటి పేరు ఆదవాని, అంటే ఆదోని. నవలలో పెళ్లికూతురి పుట్టిల్లు ఆదోని. శాసనంలో యుద్ధం జరిగిన చోట బాపిరాజు పెళ్లి జరిపించారు. గన్నారెడ్డి మనుషులు శాసనంలో ఆదవాని కోటని పట్టుకున్నారు, నవలలో ఆదవోని పెళ్లికొడుకుని పట్టుకున్నారు, చివరికి ఆదవోని పిల్ల మనసునే గన్నారెడ్డి పట్టుకున్నాడు. ఆయన పని పద్ధతి ఇదే అనిపిస్తుంది నాకు, శాసనంలోని ఒక పొడి పేరు తీసుకుని దాని చుట్టూ నెత్తురు ఎక్కించడం.

రుద్రమ సంగతి ఇంకా చిక్కు. చాలా శాసనాల్లో ఆమె పేరు రుద్రదేవ మహారాజు, మగ పేరు. మార్కో పోలో మోటుపల్లి రేవు వైపు వచ్చినప్పుడు ఈ దేశాన్ని ఒక రాణి ఏలుతోందని మెచ్చుకుంటూ రాశాడు గానీ ఆమెని రాజుగారి విధవ అనుకున్నాడు. ఆ మాట పట్టుకుని కొందరు చరిత్రకారులు కూడా చాన్నాళ్లు ఆమెని గణపతిదేవుడి భార్య అన్నారు, తర్వాత కూతురే అని తేలింది. కొడుకులా పెంచారు, మగ పేరు పెట్టారు, ఆ పేరుతోనే రాజ్యమిచ్చారు, ఇక్కడిదాకా చరిత్రకి ఆధారముంది. ఆ మగవేషం లోపల ఉన్న అమ్మాయికి ఏమనిపించి ఉంటుంది, నిడదవోలు చాళుక్య వీరభద్రుణ్ణి చూసినప్పుడు ఆమె గుండె ఎలా కొట్టుకుని ఉంటుంది, తనని మగవాడనుకుని వలచిన అమ్మాయిల ముందు ఆమె ఎలా తలొంచుకుని ఉంటుంది, ఇవి శాసనాలు చెప్పవు. చరిత్ర పుస్తకం ఆగిపోయిన ఆ చోటే నవలాకారుడు కూర్చుంటాడు. ఇప్పుడైతే ఈ విషయం మీద ఇంకా లోతుగా రాసేవాళ్లు ఉంటారేమో గానీ, నలభైలలో తెలుగులో ఒక మగ రచయిత ఈ ఇరకాటాన్ని వెక్కిరింత లేకుండా, జాలి కూడా లేకుండా రాశాడంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఇంకో సంగతి. నల్లగొండ జిల్లా చందుపట్లలో 1289 నాటి శాసనం ఒకటుంది. పువ్వుల ముమ్మడి అనే బంటు, రుద్రమదేవికీ సేనాని మల్లికార్జున నాయకుడికీ పుణ్యం కలగాలని భూమి దానం చేశాడు. ఇద్దరూ ఒకేసారి పోయారని, యుద్ధంలోనే పోయారని చాలామంది చరిత్రకారులు దీన్నిబట్టి ఊహిస్తారు. ఈ శాసనం వెలుగులోకి వచ్చేనాటికి బాపిరాజు లేరు. ఆయన రుద్రమకి ఆ చావు తెలియదు. ఇది తెలిసి మళ్లీ నవల తెరిస్తే, గుర్రం మీద నవ్వుతూ పోయే ఆ పిల్లని చూసి గొంతు దగ్గర ఏదో అడ్డం పడుతుంది.

రెండోది అడవి శాంతిశ్రీ. ఈ పేరు చూసి చాలామంది ఇదేదో ఆయన ఇంటిపేరు సరదాగా హీరోయిన్‌కి తగిలించారనుకుంటారు. నేనూ అనుకున్నాను. కాదు. 1926లో నాగార్జునకొండ శిథిలాలు బయటపడ్డాయి, ఆ తర్వాత తవ్వకాల్లో పాలరాతి లాంటి స్తంభాల మీద ప్రాకృత శాసనాలు కుప్పలుగా దొరికాయి. వాటిలో ఒక దాత పేరు అడవి చాంతిసిరి. ఇక్ష్వాకు రాజు శాంతమూలుడి కూతురు, ధనక వంశపు మహాసేనాపతి ఖంద విశాఖంణకుడి భార్య. అంతే, ఆమె గురించి మనకి తెలిసింది అంతే. ఎవరి కూతురు, ఎవరి భార్య, ఏం దానమిచ్చింది. పదిహేడు వందల ఏళ్లు మట్టిలో ఉన్న అమ్మాయి, బయటపడ్డాక కూడా రెండు చుట్టరికాలుగానే మిగిలింది.

ఆ పేరులో తన ఇంటిపేరు కనబడ్డప్పుడు బాపిరాజుకి ఒళ్లు జలదరించే ఉంటుంది, నాకు సందేహం లేదు. ఆ అమ్మాయికి ఆయన ఒక వింత జబ్బు పెట్టారు. ఆమె అందంగా ఉంటుంది, చదువుంది, గానీ దేనికీ చలించదు, రాతిబొమ్మ. తండ్రి బెంగపడతాడు, చదువు చెప్పడానికొచ్చిన బ్రహ్మదత్తుడు మెల్లిమెల్లిగా ఆమెకి లోకాన్ని చూపిస్తాడు. శిలలో దొరికిన పేరు, శిల లాంటి అమ్మాయి, ఆ శిల కరగడమే కథ. ఇంతకన్నా సొగసైన ఉపాయం నేను తెలుగు చారిత్రక నవలలో చూడలేదు.

ఇక్ష్వాకుల ఇళ్లలో ఇంకో విచిత్రం. రాజు శాంతమూలుడు అశ్వమేధం చేసినవాడు, వైదికుడు. ఆయన తోబుట్టువు చాంతిసిరి, కూతురు, ఇంటి ఆడవాళ్లు చాలామంది బౌద్ధ మహాచైత్యానికి దాతలు. ఒకే ఇంట్లో రెండు దారులు. చరిత్ర పుస్తకంలో ఇది ఒక వాక్యం, నవలలో అది రోజూ అన్నం తినేటప్పుడు జరిగే సంభాషణ. మీకు ఇంట్లో నాన్న ఒక పార్టీ, అమ్మ ఇంకో స్వామీజీ అయితే ఆ వాతావరణం ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు.

ఇక్ష్వాకుల రాజధాని, నాగార్జునకొండ లోయలోని ఆ విజయపురి, ఇప్పుడు నీళ్ల కింద ఉంది. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కి శంకుస్థాపన జరిగింది, లోయ మునిగిపోయే ముందు వీలైనన్ని కట్టడాల్ని విప్పి కొండ మీదికి చేర్చారు, ఇప్పుడు మనం లాంచీలో వెళ్లి చూసే మ్యూజియం అదే. బాపిరాజు రాసేనాటికి ఆ లోయ పొడిగానే ఉంది. మనం లాంచీలో సెల్ఫీలు తీసుకునే చోట, ఎక్కడో అడుగున, ఆయన శాంతిశ్రీ నడిచిన వీధులున్నాయి. నవల చదివాక ఆ లాంచీ ప్రయాణం వేరేగా ఉంటుంది, ఇది మాత్రం గ్యారంటీ.

హిమబిందు దగ్గరికొస్తే చరిత్ర పలచబడుతుంది, ఇది ఒప్పుకోవాలి. ధాన్యకటకంలో, అంటే ఇప్పటి అమరావతి దగ్గర, ఎడ్లబండ్ల పందెంతో మొదలై, వర్తక ప్రముఖుడు చారుగుప్తుడి కూతురు హిమబిందు, శిల్పి సువర్ణశ్రీ, వాళ్ల ప్రేమ, బౌద్ధం మీద పగబట్టిన స్థౌలతిష్యుడు, ఆయన విషం పోసి పెంచిన విషకన్య, అబ్బో, పెద్ద మేళం. సింహాసనం మీద శ్రీముఖ శాతవాహనుడు. ఇక్కడ చరిత్రకారులు చెయ్యెత్తుతారు. తొలి శాతవాహనుల ఆనవాళ్లు ఎక్కువగా పడమట నానాఘాట్, నాసిక్ వైపు దొరికాయి, బాపిరాజు పోయిన చాలా ఏళ్లకి మన కోటిలింగాలలో సిరి చిముక పేరుతో నాణేలు దొరికాయి, కాబట్టి వాళ్లు ముందు ఎక్కడివాళ్లు అన్నది ఇప్పటికీ వాదనే. వంశం మొదట్లోనే ధాన్యకటకం రాజధాని అనడానికి ఆధారం లేదు. పురాణాలు వాళ్లని ఆంధ్రులన్నాయి, ఆ ఒక్క మాట మీద ఆయన కోట కట్టేశారు.

ఎందుకు కట్టారు? దీనికి ఆయన పెరిగిన రోజుల్లోకి వెళ్లాలి. 1906లో కొమర్రాజు లక్ష్మణరావుగారి లాంటివాళ్లు విజ్ఞానచంద్రికా మండలి పెట్టేదాకా తెలుగువాడికి తెలుగులో తన చరిత్ర చదువుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. 1910లో చిలుకూరి వీరభద్రరావు ఆంధ్రుల చరిత్రము మొదటి భాగం వచ్చింది. 1913లో బాపట్లలో ఆంధ్ర మహాసభ జరిగి ప్రత్యేక రాష్ట్రం మాట గట్టిగా వినిపించింది. అప్పటికి బాపిరాజుకి పద్దెనిమిదో ఏడు. మనమంటే మద్రాసీలమని లోకమంతా అనుకుంటున్న రోజుల్లో, "మాకూ సామ్రాజ్యాలుండేవి" అన్న మాట ఆ వయసు కుర్రాడికి ఎంత కిక్కు ఇచ్చి ఉంటుందో ఆలోచించండి. ఆ కిక్కు ఆయనకి జీవితాంతం దిగలేదు. అందుకే ఆయన రెండు వేల ఏళ్ల కిందటి మనుషులు కూడా ఒక్కోసారి ఆంధ్రోద్యమ సభలో ఉపన్యాసం ఇస్తున్నట్టు మాట్లాడతారు, అవి చదువుతుంటే నాకు నవ్వొస్తుంది, కాస్త ముచ్చటగానూ ఉంటుంది. ఆయన 1952 సెప్టెంబరు 22న పోయారు. సరిగ్గా నాలుగు వారాలు తిరక్కుండా, అక్టోబరు 19న, పొట్టి శ్రీరాములు నిరాహారదీక్షకి కూర్చున్నారు. మరుసటి ఏడు ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. ఆయన చూడలేదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. తెలంగాణ, ఆంధ్ర అని విడదీసి చదివే అలవాటు మనకిప్పుడు ఎక్కువైంది. ఈ గోదావరి జిల్లా మనిషి తన అత్యంత ప్రియమైన హీరోని పాలమూరు అడవుల్లోంచి ఎంచుకున్నాడు, ఓరుగల్లు మీద రాసినంత ప్రేమగా రాజమండ్రి మీద కూడా రాయలేదేమో. సినిమాలో గన్నారెడ్డి తెలంగాణ యాసలో మాట్లాడితే అందరం మెచ్చుకున్నాం, నవలలో ఆయన మాట్లాడేది పుస్తకాల భాష, ఆ లోటు మాత్రం ఉంది.

ఆయన్ని మిగతా చారిత్రక నవలాకారుల నుంచి విడదీసేది కన్ను. చిత్రకారుడి కన్ను. మామూలు రచయిత "రాకుమారి ఆభరణాలు ధరించి వచ్చింది" అని ఊరుకుంటాడు. బాపిరాజు దగ్గర ఆ నగ మెడకి ఎక్కడ ఆనిందో, వడ్డాణం ఎన్ని పేటలో, తలపాగా ముడి ఎటు వాలిందో, ఉత్తరీయం మీద వెలుగు ఏ రంగులో పడిందో తెలుస్తుంది. ఇవన్నీ గాల్లోంచి తీసినవి కావు. అమరావతి శిల్పాల ముందు నిలబడి చూడండి, చెన్నై ఎగ్మోరు మ్యూజియంలో చాలా ఉన్నాయి, కొన్ని లండన్‌కి పోయాయి, ఆ చలువరాతి పలకల మీద ఆడవాళ్ల నడుముల దగ్గర, మగవాళ్ల తలపాగాల దగ్గర ఉన్న పనితనం చూశాక హిమబిందు తెరిస్తే, ఈ నగని ఇందాకే చూశానే అనిపిస్తుంది. రాజుల తేదీల విషయంలో ఆయన్ని నమ్మకండి, బట్టల విషయంలో, బండి చక్రాల విషయంలో, వీధుల విషయంలో చాలావరకు నమ్మొచ్చు. మన సినిమాల్లో చారిత్రక కథ అనగానే అందరికీ ఒకే రకం పట్టుబట్టలు, మెరుపుల కిరీటాలు తగిలించే వాళ్లు ఆయన్ని ఒక్కసారి చదివితే బాగుండు.

ఇంత మనిషి ఎందుకు మరుగున పడ్డాడు? ఒకప్పుడు ఇళ్లల్లో అట్టలు ఊడిపోయేదాకా చదివిన పుస్తకాలివి. మా నాయనమ్మ దగ్గర ఉన్న గోన గన్నారెడ్డికి మొదటి పదహారు పేజీలు లేవు, పెళ్లికొడుకుని ఎత్తుకుపోయే ఘట్టం ఆవిడ నోటితో చెప్పి, తర్వాత పుస్తకం చేతికిచ్చేది. అక్కణ్ణించి ఇక్కడికి ఎలా వచ్చాం?

ఒక కారణం కాలం. యాభైల తర్వాత తెలుగు నవల ఇల్లు, మధ్యతరగతి, ఆకలి, ఉద్యమం వైపు తిరిగింది, తిరగాల్సిందే. రాజుల కథలంటే పాతబడిన సరుకన్న అభిప్రాయం విమర్శలో స్థిరపడిపోయింది. అందులో న్యాయం లేకపోలేదు. బాపిరాజు నవలల్లో అందరూ అందగాళ్లే, అందగత్తెలే, హీరోకి రాని విద్య ఉండదు, మంచి రాజు చాలా మంచివాడు, ఆ రాజ్యంలో పన్ను కట్టే రైతు మొహం మనకి సరిగ్గా కనపడదు. రాయచూరు రాతి మీద దున్నపోతుల్ని అదిలిస్తున్న మనుషుల్ని చెక్కినవాడు చూపించినంత కూడా ఈయన చూపించలేదు. ఇది నా ఫిర్యాదు, ఆయన మీద ప్రేమతోనే.

రెండో కారణం మన వ్యవస్థ, ఇది ఎక్కువ బాధ. తమిళంలో కల్కి కృష్ణమూర్తి 1899లో పుట్టి 1954లో పోయాడు, దాదాపు ఈయన ఈడువాడే, ఆయనా స్వాతంత్ర్య పోరాటంలో జైలుకెళ్లినవాడే, పత్రికా సంపాదకుడే. ఆయన పొన్నియిన్ సెల్వన్ ఆయన పత్రికలోనే మళ్లీ మళ్లీ సీరియల్‌గా వచ్చింది, తరం మారినప్పుడల్లా కొత్త పాఠకులకి అందింది, 2022లో సినిమా వచ్చేనాటికి హాల్లో సగం మందికి కథ ముందే తెలుసు. మన దగ్గర అలా వెనకేసుకొచ్చే పత్రిక ఏది? సినిమా వచ్చింది, హీరో పాపులర్ అయ్యాడు, నవల ఎక్కడిదక్కడే ఉంది. మనలో ఎంతమందిమి చోళుల వంశవృక్షం గూగుల్ చేసి ఆ నవల హీరో వందియదేవన్ ఎవడో తెలుసుకున్నాం, అన్నాంబిక ఎవరంటే బిక్కమొహం వేస్తాం!

మూడోది భాష. దీని గురించి ఎక్కువ చెప్పను. పొడుగు సమాసాలుంటాయి, వర్ణనలుంటాయి, మొదటి ఇరవై పేజీలు మీ ఫోన్ పక్కగదిలో పెట్టి చదవాలి. గోన గన్నారెడ్డిలో ఇది తక్కువ, హిమబిందులో ఎక్కువ. నేనైతే వర్ణన వచ్చినప్పుడు పైకి చదువుతాను, పైకి చదివితే ఆ వాక్యాలు పాటలా సాగిపోతాయి, కళ్లతో చదివితే రాళ్లలా అడ్డం పడతాయి.

ఏ వరసలో చదవాలని అడిగితే, ముందు గోన గన్నారెడ్డి, ఆ తర్వాత అడవి శాంతిశ్రీ, నచ్చితేనే హిమబిందు, అంశుమతి చివర్న. హిమబిందుతో మొదలుపెట్టి విషకన్య దగ్గర పారిపోయిన వాళ్లని నేను కనీసం ముగ్గుర్ని చూశాను. పుస్తకాలు దొరకవన్న సాకు పనికిరాదు, రచయిత పోయి అరవై ఏళ్లు దాటింది కాబట్టి 2013 నుంచి ఈ నవలల మీద కాపీరైట్ లేదు, ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు, ఎవరైనా చదివి రికార్డు చేసి పెట్టొచ్చు. అచ్చుతప్పులు లేకుండా, వెనక ఒక మ్యాపు, ఏది శాసనంలో ఉంది ఏది కల్పన అని నాలుగు పేజీల వివరణ వేసి ఎవరైనా ప్రచురణకర్త తెస్తే, నేను పది కాపీలు కొంటాను. నేను ఆమధ్య కొన్న కాపీలో రెండు ఫారాలు తలకిందులుగా కుట్టి ఉన్నాయి, గన్నారెడ్డి ఒకచోట కోటలోకి దూకి, పదహారు పేజీలు వెనక్కెళ్లి మళ్లీ దూకుతాడు.

మా బాబాయి కొడుకు ఇప్పుడు డాలస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. పోయిన సంక్రాంతికి వచ్చినప్పుడు ఆ తలకిందుల కాపీనే ఇచ్చి పంపాను. విమానంలో మొదలుపెట్టాడట. దిగగానే మెసేజ్ పెట్టాడు, "అన్నా, ఆదోని నుంచి ఓరుగల్లుకి గుర్రం మీద ఎన్ని రోజులు?" మ్యాపు తీసి చూశాను, దారిలో తుంగభద్ర దాటాలి, కృష్ణ దాటాలి. వానాకాలమా ఎండాకాలమా అని వాణ్ణి తిరిగి అడిగాను, ఇంకా ఆ పేజీకి రాలేదన్నాడు.